హోకాయ్ యాంప్లిఫయర్: నిమిషంన్నర పాట వెనుక ఉన్న ఆరు పాటల రికార్డు

జపాన్ యానిమేషన్ ధారావాహిక నరుటో చూస్తూ పెరిగినవారికి ‘హరుకా కనాతా’ను పరిచయం చేయనక్కరలేదు. ఆ ధారావాహికకు రెండవ ప్రారంభ గీతంగా 2003లో వచ్చిన ఆ పాట టీవీలో నిమిషంన్నరకే ముగిసిపోతుంది కనుక, అది నిజానికి నాలుగు నిమిషాల పాట అనీ, దాని వెనుక మరో ఐదు పాటలు వరుసగా ఉన్నాయనీ మనలో చాలామందికి తెలియదు. నాకు కూడా ఇంజినీరింగ్ మూడవ సంవత్సరం దాకా తెలియలేదు. ఆ ఆరు పాటల రికార్డు పేరు ‘హోకాయ్ యాంప్లిఫయర్’. హోకాయ్ అంటే కుప్పకూలడం. అభిమానులు అజికాన్ అని ముద్దుగా పిలుచుకొనే ఏషియన్ కుంగ్-ఫూ జెనరేషన్ అనే జపాన్ రాక్ బృందం దీనిని 2002 నవంబరులో అండర్ ఫ్లవర్ అనే చిన్న స్వతంత్ర సంస్థ ద్వారా తెచ్చింది. మరుసటి ఏప్రిల్‌లో కియూన్ సంస్థ దీనినే మళ్ళీ విడుదల చేయడంతో పెద్ద సంస్థలో వారి ప్రస్థానం మొదలైంది.

యొకొహామాలో ఉద్యోగం చేస్తున్న మా పెద్దమ్మగారి అబ్బాయి మొన్న సంక్రాంతికి సత్యనారాయణపురం వచ్చినప్పుడు, యొకొహామాలోని పాత సీడీల దుకాణంలో కొన్న ప్రతిని నా చేతిలో పెట్టాడు. పెట్టె మూలన సన్నని పగులు ఉన్నప్పటికీ, లోపలి పాటల పుస్తకం మడత కూడా నలగలేదు. అట్ట మీది బొమ్మ యూసుకే నకామురాది. అప్పటి నుంచి అజికాన్ అట్టలంటే ఆయన గీతలే అన్నంతగా ఆ బంధం కొనసాగుతూ వచ్చింది. ఆ రాత్రి నాన్నగారి సీడీ ప్లేయరులోనే మొదటిసారి పెట్టాను. ఆకాశవాణి కచేరీలు విని పెరిగిన నాన్నగారు మొదటి పాట పూర్తయ్యేదాకా ఓపికగా కూర్చొని, “పాడే అబ్బాయి అంత దూరంగా ఎందుకు నిలబడ్డాడురా?” అని అడిగారు. ఆ ప్రశ్నలో న్యాయం ఉంది. గాయకుడు మసఫుమి గోతో గొంతు చాలాచోట్ల రెండు గిటార్ల హోరులో సగం మునిగే ఉంటుంది. ఈ రికార్డులో నేను చెప్పగలిగిన మొదటి లోపం అదే.

అయినా ఈ ఆరు పాటలను ఇంట్లో కంటే రైలులోనే ఎక్కువగా విన్నాను. గుంటూరు ప్యాసింజరు విజయవాడ స్టేషను దాటి కృష్ణ వంతెన ఎక్కే సమయానికి ‘హరుకా కనాతా’ పెడితే, తకహిరో యమదా బేస్ గిటారు ఒంటరిగా పరుగు అందుకుంటుంది. ఆ వెంటనే కియోషి ఇజిచి డ్రమ్ములూ, కెన్‌సుకే కిటా గిటారూ వచ్చి చేరతాయి. వంతెన గర్డర్ల చప్పుడుకూ ఆ డ్రమ్ములకూ తేడా తెలియని కొన్ని క్షణాలు ప్రతిసారీ ఉంటాయి. రికార్డు మొత్తం అరగంట లోపే కనుక, మంగళగిరి, నంబూరు దాటి గుంటూరు చేరేలోగా మళ్ళీ మొదటి నుంచి వినడానికి వ్యవధి దొరుకుతుంది.

ఈ నలుగురూ 1996లో యొకొహామాలోని కాంతో గకుయిన్ విశ్వవిద్యాలయంలో కలిసి బృందం కట్టారు. అంటే ఈ రికార్డు నాటికి ఆరేళ్ళు కలిసి వాయించారు. అందుకే శబ్దం గరుకుగా ఉన్నా వాయింపులో తడబాటు కనిపించదు. తొలి రోజులలో ఇంగ్లీషులో కూడా పాటలు రాసుకున్న గోతో ఇక్కడ జపనీసులో పాడుతున్నాడు. ఈ రికార్డు మనసుకు పట్టడానికి నాకు తోచిన ప్రధాన కారణం ఇదే. తెలుగును అజంత భాష అంటాము కదా. జపనీసు మాటలు కూడా చాలావరకు అచ్చుతోనో, నకారంతోనో ముగుస్తాయి. ‘హరుకా కనాతా’ అన్న పేరునే ఒకసారి పైకి పలికి చూడండి, నోరు ఎక్కడా మూసుకుపోదు. పల్లవిలో గోతో గొంతు చించుకొని అరిచేటప్పుడు పంక్తి చివరి అచ్చును పట్టుకొని ఎంత దూరమైనా లాగగలడు. అర్థం ఒక్క ముక్క తెలియకపోయినా మనవాళ్ళు రెండవసారికే గొంతు కలపగలగడం నేను హాస్టలులో కళ్ళారా చూశాను. ఆ పేరుకు ‘ఎంతో దూరాన’ అని అర్థమని ఆ తరువాతే తెలుసుకున్నాము.

రెండవ పాట ‘రషిన్‌బన్’, అంటే దిక్సూచి, మొదటి పాట వేగాన్నే కొనసాగిస్తుంది తప్ప దానికి కొత్తగా చేర్చేది కొద్ది. నాకు ఈ రికార్డుకు ప్రాణం మూడవదైన ‘కొనయుకి’. పొడిలా రాలే మంచు అని ఆ పేరుకు అర్థం. మే నెలలో ఫ్యాను గాలి కూడా సెగలా తగిలే విజయవాడలో, మంచును ఒక్కసారైనా చేతితో తాకని నాకు ఆ పాట ఎందుకు అంత దగ్గరైందో ఎన్నోసార్లు ఆలోచించాను. గిటారు ఒకే చిన్న వరుసను పదేపదే వాయిస్తూ ఉంటే, దాని మీద గొంతు మెల్లగా బరువెక్కుతుంది. అరుపు వచ్చేసరికి అది కోపంగా కాక, ఎవరినో ఆగమని అడుగుతున్నట్లు వినిపిస్తుంది. ‘హరుకా కనాతా’ మనలను పరిగెత్తిస్తే ‘కొనయుకి’ నిలబెడుతుంది. ఈ బృందానికి ఆ రెండవ విద్య కూడా అప్పటికే వచ్చునని టీవీలో విన్న నిమిషంన్నర చెప్పలేదు.

‘ఆవో నో ఉతా’ ఉల్లాసంగా సాగిపోతుంది. ‘సండే’ నెమ్మదిగా పట్టుకొనే పాట కనుక కనీసం నాలుగుసార్లు వినమంటాను. చివరిదైన ‘12’ మాత్రం ఇంకొంచెం సాగి ఉంటే బాగుండేది.

2004లో వచ్చిన ‘సోల్-ఫా’ ఆల్బమ్ వీరిని జపాన్ సంగీత అమ్మకాల పట్టిక అయిన ఒరికాన్‌లో మొదటి స్థానానికి చేర్చింది. శబ్దశుద్ధిలో దానికీ దీనికీ పోలికే లేదు. ఆ ‘సోల్-ఫా’నే 2016లో మొత్తంగా తిరిగి రికార్డు చేశారు. ‘హోకాయ్ యాంప్లిఫయర్’ను మాత్రం అలా సరిదిద్దవద్దనే కోరుకుంటాను. గొంతును ముందుకు తెచ్చి గిటార్లను అదుపులో పెడితే నాన్నగారి ప్రశ్నకు సమాధానం దొరకవచ్చు గానీ, చిన్న గదిలో నలుగురు ఒకరి మోచేయి ఒకరికి తగిలేంత దగ్గరగా నిలబడి వాయిస్తున్నారన్న భావన పోతుంది.

అమ్మాయిల రాక్ బృందం గురించిన యానిమే బొచ్చి ద రాక్ చూసి ఇటు వచ్చినవారు ఒక సంగతి గమనించాలి. అందులోని నలుగురు అమ్మాయిల ఇంటిపేర్లు గోతో, కిటా, యమదా, ఇజిచి. అవి ఈ నలుగురివే. సీడీ కోసం ఎదురుచూడనక్కరలేదు, పాటలు స్ట్రీమింగ్‌లో దొరుకుతాయి. వరుస మార్చకుండా, షఫుల్ పెట్టకుండా వినండి. ‘కొనయుకి’ని మాత్రం వీలైతే రాత్రివేళ, కిటికీ పక్క సీటులో, మరోసారి విడిగా వినండి.