బీచ్ రోడ్డులో యుద్ధపు ఇనుము: ఏది ఆగి చూడాలి, ఎక్కడ దిగాలి

విశాఖ వచ్చినవాళ్లు చాలామంది జలాంతర్గామి ముందు ఫొటో దిగి, ముంత మసాలా తిని తిరిగి వెళ్లిపోతారు. యుద్ధంలో పనిచేసి పక్కన పెట్టేసిన లోహాన్ని శిల్పాన్ని చూసినట్టు చూడాలనుకుంటే ఒకటిన్నర రోజు పెట్టుకోండి. సోమవారం మాత్రం వద్దు, ఆ రోజు ఆ జలాంతర్గామి మ్యూజియం కురుసురకు సెలవు.

ముందు బీచ్ రోడ్డులోని విశాఖ మ్యూజియానికి వెళ్లండి. పాత డచ్ బంగళా అది. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు ఈ ఊరి మీద బాంబులు వేశాయి. వాటిలో పేలకుండా మిగిలిన బాంబు ఇక్కడుంది. జనం దాని ముందు అర నిమిషం కూడా నిలబడరు. మా లెక్కలో ఈ దారిలో మొట్టమొదట చూడాల్సింది అదే, ఎందుకంటే మిగతావన్నీ మనవాళ్లు వాడినవి, ఇదొక్కటే మన మీద పడింది.

తర్వాత కురుసుర. 1969లో అప్పటి సోవియట్ యూనియన్‌లోని రీగాలో మన నౌకాదళంలో చేరింది, 1971 యుద్ధంలో పనిచేసింది, 2001లో విరమించింది, 2002లో మ్యూజియం అయింది. 91 మీటర్ల ఈ ఉక్కు గొట్టాన్ని ఒడ్డుకు చేర్చి ఇప్పుడున్న చోట నిలపడానికి, అంటే దాదాపు 600 మీటర్ల దూరానికే, 18 నెలలు పట్టింది. లోపల ఒక గదిలోంచి ఇంకో గదిలోకి గుండ్రటి ద్వారాల్లోంచి దూరాలి. వీపుకు బ్యాగు ఉంటే ఇరుక్కుంటుంది, కిందే వదిలేయండి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లను లోపలికి తీసుకెళ్లకపోవడమే మంచిది. ముందు ఆరు, వెనక నాలుగు టార్పెడో గొట్టాలున్నాయి. ముందువైపు ఇత్తడి చక్రాలు, పైపుల చిక్కుముడి దగ్గర ఆగండి. ఏ శిల్పీ కావాలని అలా అమర్చలేడు. అక్కడ వివరించేది నౌకాదళంలో పనిచేసి రిటైరైనవాళ్లు. గుంపుతో కలిసి తోసుకుపోకుండా చివర్లో ఉండి అడిగితే ఓపిగ్గా చెబుతారు.

రోడ్డుకు అవతల టీయూ-142, నౌకాదళం సముద్రం మీద నిఘాకు వాడిన విమానం. దీనికి లోపలికన్నా బయటే ఎక్కువ సమయం ఇవ్వండి. రెక్క కింద నిలబడి రివెట్ల వరసలు చూడండి: అల్యూమినియం రేకును అతికేది వెల్డింగు కాదు, వేల రివెట్లు. ఒక్కో ఇంజనుకు ఎదురెదురు దిశల్లో తిరిగే జంట ప్రొపెల్లర్లు ఉంటాయి. 1971 యుద్ధ విజయానికి గుర్తుగా కట్టిన విక్టరీ ఎట్ సీ స్మారకానికి పావుగంట చాలు. దాని వెనకున్న సముద్రంలోనే 1971 డిసెంబరులో మునిగిన పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ ఇంకా అడుగున ఉందని గుర్తుంచుకుని చూస్తే ఆ చోటు బరువు తెలుస్తుంది.

ఇవన్నీ కోయకుండా నిలబెట్టినవి. కోసి అతికిన రకం ఎలా ఉంటుందో తెలియాలంటే మొజాంబిక్ వైపు చూడాలి. అక్కడ అంతర్యుద్ధం 1992లో ముగిసింది. 1995 నుంచి తుపాకీ అప్పగించినవాళ్లకు పార, కుట్టుమిషన్ లాంటివి ఇచ్చారు. అలా వచ్చిన తుపాకులను కోసిన ముక్కలతో కెస్టర్ అనే శిల్పి 2001లో చేసిన ఆయుధాల సింహాసనం ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. వీపు ఆనే చోట తుపాకీ మడమకున్న రంధ్రాలు నవ్వే ముఖంలా కనిపిస్తాయి. అది చెక్కింది కాదు, తుపాకీకి ముందునుంచీ ఉన్నదే.

మన తెనాలి శిల్పులు బోల్టులు, గేర్లతో నిలువెత్తు విగ్రహాలు చేస్తున్నారు. అలాంటిది చూసి గాజువాక ఆటోనగర్ పాత ఇనుములో వెతకాలనిపిస్తే కొన్ని సంగతులు తెలిసుండాలి. తూటా గుళ్లు, షెల్ తొడుగులు ముట్టుకోవద్దు. లోపల మందు మిగిలిందో లేదో కంటికి తెలియదు. జింకు పూత ఉన్న ముక్కను వెల్డింగు చేస్తే వచ్చే తెల్ల పొగ పీల్చినవాళ్లకు ఆ రాత్రే జ్వరం వస్తుంది. పాత మిలిటరీ బోల్టులకు కాడ్మియం అనే విష లోహపు పూత ఉండొచ్చు, దాని పొగ ప్రాణం తీస్తుంది. ఇత్తడిని ఇనుముకు మామూలు ఆర్క్ వెల్డింగుతో అతికితే నిలవదు, బ్రేజింగ్ చేయాలి, అంటే ముక్కలు కరగకుండా మధ్యలో వేరే లోహాన్ని కరిగించి అతకాలి. పోత ఇనుమును ముందుగా వేడి చేయకపోతే అతుకు పక్కనే పగులుతుంది. ఇక అల్యూమినియంకు ఇనుప బోల్టు బిగిస్తే సముద్రపు గాలికి బోల్టు చుట్టూ తెల్లటి పొడి రాలుతూ రేకు తరిగిపోతుంది. మధ్యలో నైలాన్ వాషరు వేయాలి. నీళ్లు నిలిచే ప్రతి గుంటకూ అడుగున 8 మిల్లీమీటర్ల రంధ్రం పెట్టకపోతే పైన ఎంత రంగు వేసినా లోపలినుంచి తుప్పు తినేస్తుంది.

బసకు కూడా ఆ ఉప్పుగాలి లెక్కే పనిచేస్తుంది. సముద్రం ఎదురుగా ఉన్న గదికి ఎక్కువ డబ్బు అడుగుతారు, కానీ కిటికీ ఊచలు, ఏసీ బయటి పెట్టె తుప్పు పట్టి ఉంటే ఆ గది వద్దు. ఏసీ పది నిమిషాలు వేయించి చూశాకే డబ్బు కట్టండి. ఈ చోట్లు తిరగడమే పనైతే బీచ్ రోడ్డుకు రెండు వీధులు లోపల, జగదాంబ వైపు దిగితే ఖర్చు తగ్గుతుంది, టిఫిను దగ్గర్లోనే దొరుకుతుంది. రుషికొండలో ప్రశాంతంగా ఉంటుంది గానీ ఈ చోట్లకు రోజూ ఆటోకే చాలా అవుతుంది. డిసెంబర్ 4న నేవీ డే విన్యాసాలు ఇక్కడ జరిగే ఏడాదైతే వారం ముందు నుంచే రిహార్సళ్లకు బీచ్ రోడ్డు మూసేస్తుంటారు, గదులు నెల ముందే చూసుకోవాలి.