పొలం కొనేముందు బోరు ఆడించి చూడండి: డెంకణికోట, శ్రీనివాసపురం

బెంగళూరు వదిలి రెండెకరాల్లో సొంత తిండి పండించుకుందామనుకునేవాళ్లను దళారులు ముందు తీసుకెళ్లేది తమిళనాడులో హోసూరు దగ్గరి డెంకణికోట, తళి వైపుకే. చల్లగా ఉంటుంది, ఊళ్లలో తెలుగు వినిపిస్తుంది. మేం దిగిన ఫార్మ్‌స్టే అక్కడిదే. ‘మా తిండి, మా నీళ్లు అన్నీ తోటలోవే’ అని చెప్పి రాత్రికి 3,800 తీసుకున్నారు. తెల్లారి ఆరింటికి గేటు ముందు నీళ్ల ట్యాంకరు! 6,000 లీటర్లు, 900 రూపాయలు, రెండు రోజులకొకటి. కూరగాయలు హోసూరు మార్కెట్‌వి. బోరు ఏమైందని అడిగితే మేనేజరు విసుక్కుని లోపలికి వెళ్లిపోయాడు. ఎండాకాలం మొదట్లోనే ఎండిందని తోటపని ఆమె చెప్పింది. ఆ తోటను నమ్మి పక్క పొలానికి అడ్వాన్సు ఇచ్చేవాళ్లను తలుచుకుంటేనే ఒళ్లు మండుతోంది. నాతో వచ్చిన మా వదిన ఆ రోజంతా మాట్లాడలేదు.

బోరు లోతెంత అని అడిగి లాభం లేదు. ఏప్రిల్ చివర్లో వెళ్లి మోటారు నాలుగు గంటలు ఆపకుండా ఆడించాలి. పొలాలకు త్రీఫేజ్ కరెంటు కొన్ని గంటలే ఉంటుంది కాబట్టి వేళ కనుక్కుని వెళ్లండి. 200 లీటర్ల డ్రమ్ము మొదటి గంటలో మూడు నిమిషాలకు నిండి, చివరి గంటలో ఎనిమిది నిమిషాలు పట్టిందంటే ముందొచ్చినవి బోరులో నిలవున్న నీళ్లు. ఊట తక్కువ. వానలు పడ్డాక చూద్దువుగాని రమ్మంటే వెళ్లొద్దు.

అడవి అంచు పొలాల్లో రాగి కోతకొచ్చే వేళకు ఏనుగులు దిగుతాయి. సోలార్ కంచె వేసినా కింద గడ్డి కోయకుంటే తీగకు తగిలి కరెంటు నేలలోకి పోతుంది. అది వారం వారం చేసే పని, కూలీ ఖర్చుతో సహా లెక్కేసుకోండి.

మా ఓటు కర్ణాటక కోలారు జిల్లాలోని శ్రీనివాసపురం, రాయల్పాడు వైపుకి. అడిగిన ధర ఎకరాకు 28 లక్షలు, బేరముంది. కానీ ఈ జిల్లాలో బోర్లు చాలా లోతు, నీళ్లలో ఫ్లోరైడ్ బెడద. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే తాగకూడదు. కాచితే పోదు, నీరు ఆవిరయ్యేకొద్దీ ఇంకా చిక్కబడుతుంది. దానికి విరుగుడు ఇంటికప్పే. వెయ్యి చదరపు అడుగుల కప్పు మీద 700 మి.మీ. వాన పడితే, పోయింది పోగా 50 వేల లీటర్లు దొరుకుతాయి. నలుగురికి తాగడానికి, వంటకి రోజుకు 40 లీటర్లంటే ఏడాదికి 15 వేలు చాలు. ఆ 15 వేల లీటర్లు పట్టేలా సంపు కట్టించి, తొలి వాన నీళ్లు బయటికి వదిలేయండి. పంటకు మాత్రం బోరే దిక్కు, డ్రమ్ము పరీక్ష ఇక్కడా తప్పదు.

శ్రీనివాసపురం బస్టాండు దగ్గర 70 రూపాయలకు వేడి రాగిముద్ద, ఉలవచారు, పచ్చి ఉల్లిపాయ పెట్టారు. చారు అడిగినంత పోశారు. వదిన నోరు విప్పింది అక్కడే, రెండో ముద్ద అడగడానికి.

కర్ణాటకలో భూసంస్కరణల చట్టానికి 2020లో చేసిన సవరణ తర్వాత రైతు కానివాళ్లూ పొలం కొనొచ్చు. కానీ ఎస్సీ, ఎస్టీలకు ప్రభుత్వం ఇచ్చిన భూమైతే 1978 చట్టం ప్రకారం సర్కారు అనుమతి లేని అమ్మకం చెల్లదు. పహాణీ (భూమి, సాగు వివరాల రికార్డు), ఈసీ (భూమి మీద జరిగిన లావాదేవీల పత్రం) చూసి ఊరుకోక, భూమి మొదట ఎవరికి ఎలా వచ్చిందో తాలూకాఫీసులో పాత కాగితాలు తీయించండి. పొలానికి వెళ్లే బాట సర్వే మ్యాపులో ఉందో లేదో కూడా అప్పుడే చూసుకోండి. మాకు చూపించిన మామిడితోటకు బాట పక్కవాళ్ల పట్టాలోంచి పోతోంది, అందుకే వదిలేశాం.