పీకో కోడ్ 100 ట్రాక్: నల్గొండ ఎండకు ఆగుతుందా?

మోడల్ రైళ్ల కోసం పీకో కంపెనీ చేసే స్ట్రీమ్‌లైన్ కోడ్ 100 ఫ్లెక్సిబుల్ (వంచదగ్గ) ట్రాక్, అదే కంపెనీ యూనిఫ్రాగ్ పాయింట్లు, అంటే బండి దారి మార్చే పట్టాలు. నల్గొండలోనో మిర్యాలగూడలోనో మహబూబ్‌నగర్‌లోనో హెచ్ఓ స్కేల్ (అసలు రైలులో 87వ వంతు) లేఔట్ కట్టుకునేవాళ్లు కొనదగ్గ సరుకేనా అంటే, కొనదగ్గదే. పట్టాకు వంక పెట్టడానికి పెద్దగా ఏమీ లేదు. కాకపోతే ఇది ఇంగ్లండులో డెవాన్ తీరాన, చల్లటి ఊళ్లో తయారయ్యే సరుకు. మన దగ్గర రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. మేడ మీద రేకుల గదిలో పరిచిన ట్రాక్ మే నెలలో పక్కకు ఉబ్బి స్లీపర్ల (పట్టాల కింది అడ్డదిమ్మెల) నుంచి ఊడివచ్చిందంటే తప్పు పట్టాది కాదు, పరిచిన తీరుది. అందుకే ఈ రివ్యూలో సరుకు గురించి ఎంత చెప్పాలో పరచడం, వైరింగ్ గురించి అంతకంటే ఎక్కువ చెప్పాలి.

ముందు సరుకు. ఒక్కో ముక్క 914 మి.మీ., అంటే ఒక గజం. పట్టా నికెల్ సిల్వర్: రాగి, నికెల్, జింకు కలిసిన లోహం, ఇందులో వెండి ఉండదు. కోడ్ 100 అంటే పట్టా ఎత్తు అంగుళంలో నూరింట పది వంతులు, 2.54 మి.మీ. కోడ్ 75 చూడటానికి ఇంకా సన్నగా, అసలు రైలు పట్టాకు దగ్గరగా ఉంటుంది. అయితే లోతైన అంచు ఉన్న పాత చక్రాలు దాని మీద స్లీపర్ల మేకులకు తగులుతూ టకటకలాడతాయి. సెకండ్ హ్యాండ్ ఇంజన్లు, వ్యాగన్లు నడిపేవాళ్లకు కోడ్ 100 నిశ్చింత. గేజ్ 16.5 మి.మీ. మన బ్రాడ్‌గేజ్ 1676 మి.మీ.ను 87తో భాగిస్తే 19.3 వస్తుంది కాబట్టి పట్టాల మధ్య దూరం మన రైలుకు కొంచెం ఇరుకే. హెచ్ఓలో దొరికే బళ్లన్నీ 16.5కే కనుక దీనితో సర్దుకోవాల్సిందే. ఎస్ఎల్-100 అంటే చెక్క స్లీపర్లు, ఎస్ఎల్-102 అంటే కాంక్రీటు స్లీపర్లు. బీబీనగర్–నడికుడి లైను లాంటిది కట్టదలిస్తే మెయిన్ లైనుకు 102, పాత సైడింగుకు 100 తీసుకోండి. ఆ రెండు రంగులు పక్కపక్కన పడితేనే స్టేషను యార్డు నిజంగా కనిపిస్తుంది.

కొనేముందు స్థలం కొలవండి. 8×4 అడుగుల ప్లైవుడ్ వెడల్పు 1220 మి.మీ. అంచుల్లో చెరో 50 మి.మీ. వదిలితే వంపుకు దక్కే రేడియస్ సుమారు 560 మి.మీ. బండిలో అతి పొడవైన పెట్టెకు రెండున్నర రెట్ల రేడియస్ ఉంటే అది పట్టాలు తప్పకుండా తిరుగుతుందన్నది అనుభవజ్ఞుల లెక్క. పాత తరం ఐసీఎఫ్ బోగీ 245 మి.మీ., దానికి సుమారు 612 కావాలి. కొత్త తరం ఎల్‌హెచ్‌బీ బోగీ 270 మి.మీ., దానికి 675 కావాలి. కాబట్టి ఒక్క షీటు మీద ఎక్స్‌ప్రెస్ నడపాలనుకోకండి. గూడ్స్ బండిలోని బాక్స్ఎన్ వ్యాగన్ సుమారు 123 మి.మీ. మాత్రమే. విష్ణుపురం సిమెంటు సైడింగు లాంటి గూడ్స్ లేఔట్ 8×4లో హాయిగా ఇముడుతుంది.

ఇక ఎండ సంగతి. నికెల్ సిల్వర్ మీటరుకు, డిగ్రీకి 0.016 మి.మీ. పైచిలుకు సాగుతుంది. జనవరి తెల్లవారుజామున 15 డిగ్రీలుండే రేకుల గది మే మధ్యాహ్నం 45 దాటుతుంది. ఆ 30 డిగ్రీల తేడాకు 914 మి.మీ. ముక్క దాదాపు అర మిల్లీమీటరు పెరుగుతుంది. ఒక్క ముక్కకైతే ఇది లెక్కలోది కాదు. ఆరు ముక్కల్ని వరసగా సోల్డర్ చేస్తే మూడు మిల్లీమీటర్లకు చేరువవుతుంది, అది పోవడానికి చోటుండదు. ప్లైవుడ్ వేడికి అంతగా పెరగదు, వానాకాలపు తేమకు పెరుగుతుంది. అంటే పట్టా, చెక్క రెండూ వేర్వేరు కాలాల్లో వేర్వేరుగా కదులుతాయి. చలికాలంలో పరిస్తే తిన్నటి భాగంలో ప్రతి జాయింటు దగ్గర సుమారు అర మిల్లీమీటరు ఖాళీ ఉంచండి. మే మధ్యాహ్నం పరిస్తే పట్టాలు ఆనించి పెట్టినా ఫర్వాలేదు. డిసెంబరులో ఖాళీలు వాటంతటవే తెరుచుకుంటాయి.

వంపు దగ్గర మాత్రం దీనికి ఎదురు పద్ధతి. పీకో ఫ్లెక్స్ స్ప్రింగులా తిన్నగా అవ్వాలని చూస్తుంది. వంపు మధ్యలో వదులు జాయింటు పడితే అక్కడ కోణం తేలి, ఇంజన్ ముందు చక్రం ఎక్కేస్తుంది. రెండు ముక్కల్ని బల్ల మీద తిన్నగా పెట్టి, జాయినర్లు (పట్టాల కొనల్ని కలిపే రేకు తొడుగులు) తొడిగి సోల్డర్ చేసి, ఆ తర్వాతే వంచండి. వంచేకొద్దీ లోపలి పట్టా ముందుకు పొడుచుకొస్తుంది. పూర్తి అర్ధవృత్తానికి అది 52 మి.మీ. దాకా మిగులుతుంది. దాన్ని కోయడానికి ఖరీదైన విదేశీ కట్టర్ అక్కర్లేదు. కంసాలులు వాడే సన్న రంపం, సూది ఆకురాయి చాలు. మామూలు కటింగ్ ప్లయర్ మాత్రం వద్దు, పట్టా తల నలిగి జాయినర్ ఎక్కదు. కోసిన కొన దగ్గర పట్టా అడుగున, లోపలి అంచున ఆకురాయితో రెండు మూడు సార్లు రాయండి. చివరి రెండు స్లీపర్ల మేకుల్ని బ్లేడుతో చెక్కేస్తేనే జాయినర్‌కు చోటు దొరుకుతుంది. ఊడిన స్లీపర్లు పారేయకండి, పైభాగం కాస్త అరగదీసి ఆఖర్న కిందనుంచి దూర్చాలి.

అతికించడానికి ఫెవికాల్ కన్నా హార్డ్‌వేర్ షాపులో దొరికే అక్రిలిక్ సీలెంట్ మేలు. సిలికాన్ కాదు, అక్రిలిక్ అని గట్టిగా అడిగి తీసుకోండి. కాగితమంత పలుచగా పూసి, ట్రాక్ నొక్కి, ఆరేదాకా పిన్నులతో పట్టి ఉంచండి. రేపు మార్చాలంటే పెయింటర్ల పుట్టీ రేకు దూర్చి లేపేయవచ్చు. ఫెవికాల్ అయితే స్లీపర్లు విరుగుతాయి. స్లీపర్లు అతుక్కున్నా పట్టా వాటి మేకుల మధ్య జారుతుంది. ఎండకు సాగే పట్టాకు కావాల్సింది ఆ జారుడే.

ఇప్పుడు వైరింగ్. చాలా లేఔట్లు చెడేది ఇక్కడే. జాయినర్ కొత్తగా ఉన్నప్పుడు బిగుతుగా కూర్చుని కరెంటు బాగానే పంపుతుంది. ఏడాది ఎండావానలకు పట్టా లోపలికీ బయటికీ జారి అది వదులవుతుంది, సందులో దుమ్ము చేరుతుంది. బల్లకు ఆ చివర ఇంజన్ నీరసించేది అందుకే. జాయినర్ పని పట్టాల్ని వరసలో నిలపడం. కరెంటు పని వైరుది. ప్రతి ముక్కకూ రెండు ఫీడర్లు (బల్ల కింది ప్రధాన వైరు నుంచి ఒక్కో పట్టాకు వచ్చే చిన్న వైర్లు) వేయండి, అవి ముక్క మధ్యలో ఉండాలి. ఫీడర్ సోల్డర్ అయిన చోట పట్టా కదలదు. మధ్యలో కట్టేస్తే రెండు కొనలూ అటూ ఇటూ సాగుతాయి, చివర కట్టేస్తే సాగుడంతా ఒకే జాయింటు మీద పడుతుంది. చాలామంది వదిలేసే విషయం ఇదే.

బల్ల కింద ప్రధాన వైర్లు రెండు, ఎరుపు, నలుపు. 8×4 బల్లకు 1.5 స్క్వేర్ ఎం.ఎం. రాగి ఇంటి వైరు సరిపోతుంది. గదంతా తిరిగే లేఔట్ అయితే 2.5 తీసుకోండి. లెక్క చూడండి: 10 మీటర్ల దూరానికి వెళ్లే వైరు, వచ్చే వైరు కలిపి 20 మీటర్లు. 1.5 వైరులో మూడు ఆంపియర్లకు 0.8 వోల్టు దాకా పోతుంది, 2.5లో అర వోల్టు లోపే. నల్గొండ ప్రకాశం బజార్‌లో అయినా, మీ ఊరి ఏ ఎలక్ట్రికల్ షాపులో అయినా మీటర్ల లెక్కన కోసిస్తారు. ఫీడర్లకు 14/76 వైరు గానీ, పాత లాన్ కేబుల్ లోపలి తీగ గానీ వాడొచ్చు. తీగను బ్లేడుతో గీరి చూడండి. లోపల తెల్లగా మెరిస్తే అది రాగి పూసిన అల్యూమినియం, సోల్డర్ పట్టదు, పట్టినట్టు కనిపించినా తర్వాత ఊడుతుంది. ఫీడర్ 30 సెంటీమీటర్లు దాటకూడదు.

సోల్డరింగ్‌కు 60/40 తగరం-సీసం సోల్డర్, రోజిన్ ఫ్లక్స్. రేడియేటర్లు అతికేవాళ్లు వాడే యాసిడ్ దగ్గరకు రానివ్వకండి, ఏడాదిలో పచ్చగా తుప్పు పట్టి తీగ తెగుతుంది. ఐరన్ 25 వాట్లది కాకుండా 40 నుంచి 60 వాట్లది, వెడల్పు బిట్‌తో తీసుకోండి. ఎక్కువ వాట్లయితే స్లీపర్లు కరుగుతాయని భయపడతారు గానీ జరిగేది తిరగబడి ఉంటుంది. చిన్న ఐరన్ పట్టాను వేడెక్కించడానికి పది సెకన్లు పడుతుంది, ఆ వేడంతా పాకి స్లీపర్లను కరిగిస్తుంది. పెద్దది రెండు సెకన్లలో పని కానిస్తుంది. పట్టాకు బయటి వైపున బల్లకు 2 మి.మీ. రంధ్రం చేసి, వైరు కొన 5 మి.మీ. ఒలిచి, దాన్ని ఎల్ ఆకారంలో మడిచి పట్టా నడుముకు ఆనించండి. పట్టాకూ తీగకూ విడివిడిగా ముందే సోల్డర్ పూయండి. పక్క స్లీపర్ల మీద తడి టిష్యూ ముద్ద పెట్టండి. బిట్ ఆనిస్తే సోల్డర్ మెరిసి ప్రవహించాలి. గుండ్రటి బిందువులా మసకగా నిలిచిందంటే పట్టా వేడెక్కలేదు, మళ్లీ చేయండి.

ప్రతి ఫీడర్ తర్వాత మల్టీమీటర్ బజర్ రెండు పట్టాల మధ్య పెట్టి చూడండి, అప్పుడు బల్ల మీద ఇంజన్లు ఉండకూడదు. ఇరవై ఫీడర్లూ అయ్యాక బజర్ మోగితే తప్పు ఎక్కడుందో వెతకడానికి రోజంతా పోతుంది. డీసీసీ (ఇంజన్లను విడివిడిగా నడిపే డిజిటల్ కంట్రోల్) పెట్టేవాళ్లు చివర్లో బల్ల దూరపు మూల పట్టాల మీద రూపాయి నాణెం అడ్డం పెట్టండి. పట్టాలకు కరెంటు ఇచ్చే బూస్టర్ వెంటనే ట్రిప్ కావాలి. కాకపోతే అక్కడి వైరు సన్నదన్నమాట. రేపు బండి పట్టా తప్పినప్పుడు ఐదు ఆంపియర్లు ఆగకుండా పారి బోగీ చక్రాలే కరుగుతాయి.

పాయింట్ల విషయంలో పీకో మంచి పని చేసింది. చిన్నది 610 మి.మీ. రేడియస్, పొడవు 185. మధ్యది 914, పొడవు 219. పెద్దది 1524, పొడవు 258. అన్నింటికీ ఒకటే 12 డిగ్రీల కోణం కాబట్టి ఏది ఏదానితో కలిపినా పక్క లైను 50.8 మి.మీ. దూరంలోనే పడుతుంది. చోటు ఉంటే మధ్య సైజుకు తగ్గకండి. యూనిఫ్రాగ్‌లో ఫ్రాగ్ (రెండు దారుల పట్టాలు ఒకదాన్నొకటి దాటే చోటు) ముక్క విడిగా ఉంటుంది, దానికి కింద ఒక తీగ వేలాడుతుంది. దాన్ని వదిలేసినా ఆరు ఇరుసుల ఇంజన్ దాటిపోతుంది. చిన్న షంటింగ్ ఇంజన్ మాత్రం నెమ్మదిగా వెళ్తూ ఆగిపోతుంది. ఆ తీగను మోటారుతో కదిలే స్విచ్‌కు కలిపితే ఆ బెడద ఉండదు.

షాపుల్లో ఇంకా పాత ఎలక్ట్రోఫ్రాగ్ సరుకు తగులుతుంది. ప్యాకెట్ మీద SL తర్వాత ఇంగ్లీషు E అక్షరం ఉంటే అదే. అందులో ఫ్రాగ్, దాని వెనక రెండు లోపలి పట్టాలు కలిసే ఉంటాయి, దారి మార్చినప్పుడల్లా పోలారిటీ (ప్లస్-మైనస్) మారుతుంది. ఆ రెండు పట్టాలకూ ప్లాస్టిక్ జాయినర్లు, అంటే ఎస్ఎల్-11, పెట్టకుండా అవతల ఫీడర్ కలిపితే పాయింట్ ఒక వైపు తిప్పగానే షార్ట్ అవుతుంది.

పాయింట్ లోపలి స్ప్రింగు బ్లేడ్లను ఖచ్చితంగా నొక్కి పట్టుకుంటుంది, వేలితో తిప్పేవాళ్లకు అది వరం. కోఠి గుజరాతీ గల్లీ నుంచి ఎస్‌జీ90 సర్వో (చిన్న మోటారు) తెచ్చి బిగించేవాళ్లు ఆ స్ప్రింగు తీసేయాలి, లేకపోతే సర్వో దానితో పెనుగులాడి వేడెక్కుతుంది. పీకో పీఎల్-10 కాయిల్ మోటారుకైతే స్ప్రింగు ఉండాలి. దానికి నొక్కి వదిలే బటనే పెట్టండి, మామూలు లైటు స్విచ్ వద్దు. కరెంటు రెండు మూడు సెకన్లు నిలిచినా కాయిల్ కాలుతుంది. కరెంటు నిల్వచేసి ఒక్కసారిగా వదిలే కెపాసిటర్ డిశ్చార్జి యూనిట్ ఒకటి కలిపితే బటన్ ఇరుక్కుపోయినా మోటారు బతుకుతుంది.

కంకరకు విదేశీ ప్యాకెట్లు కొనొద్దు. రైల్వే కంకర 20 నుంచి 65 మి.మీ. సైజు. 87తో భాగిస్తే పావు మిల్లీమీటరు నుంచి ముప్పావు దాకా. మన జిల్లాల్లో స్టోన్ క్రషర్లకు కొదవలేదు. క్రషర్ డస్ట్ ఒక సంచి తెచ్చి, టీ జల్లెడలో జారిందాన్ని మళ్లీ సన్న బట్టలో జల్లించి, పిండిలాంటిది పారేస్తే మిగిలేది అదే సైజు. మన గ్రానైటు రంగే కనుక వేరే రంగూ అక్కర్లేదు. పరిచే ముందు అందులో పాత స్పీకర్ అయస్కాంతం తిప్పండి. అంటుకున్న నల్ల రేణువులు తీసేయకపోతే ఇంజన్ మోటారులోకి చేరతాయి. ఫెవికాల్‌కు సమానంగా నీళ్లు, రెండు చుక్కల గిన్నెల సబ్బు కలిపి డ్రాపర్‌తో వదలండి. పాయింట్ బ్లేడ్ల దగ్గర, జాయింట్ల ఖాళీల్లో ఒక్క చుక్క కూడా పడకూడదు. పూర్తిగా ఆరేదాకా కరెంటు ఇవ్వకండి.

8×4 మీద ఒక ఓవల్, ఒక లూప్, ఒక సైడింగుకు ఫ్లెక్స్ పది ముక్కలు, మధ్య లేదా చిన్న పాయింట్లు మూడు, మెటల్ జాయినర్లు, ప్లాస్టిక్ జాయినర్లు ఒక్కో ప్యాకెట్, ప్రధాన వైరు రెండు రంగులు కలిపి 15 మీటర్లు సరిపోతాయి. ఖరీదైన పిన్నుల ప్యాకెట్ కొనకండి, సీలెంట్ ఆరేదాకా నిలబెట్టడానికి గుండుసూదులు చాలు. ముక్కలు గజం పొడవు కాబట్టి కొరియర్‌లో వంగే ప్రమాదం ఉంది. పెట్టె తెచ్చినతని ముందే విప్పి, ఒక్కో ముక్కను కంటి ఎత్తుకు పెట్టి పొడవునా చూడండి. పట్టా తల మీద వెలుగు ఒకే గీతగా పరిగెత్తకుండా ఎక్కడైనా విరిగితే ఆ ముక్క తిప్పి పంపండి, వంగిన పట్టాను చేత్తో పూర్తిగా సరిచేయడం కుదరదు.