పన్నెండున్నర తర్వాత బడి ఎలా ఉంటుందంటే

ఈ బడి పేరు కావాలనే రాయడం లేదు. రేపు పొద్దున్న కూడా మావాడు అక్కడికే వెళ్లాలి. విజయవాడలో పటమట వైపు అని మాత్రం చెప్తాను. నర్సరీలో చేర్చి నాలుగు నెలలైంది.

నేను గవర్నర్‌పేటలో ఒక బ్యాంకులో క్యాష్ కౌంటర్ చూస్తాను. మా ఆయన మెడికల్ రెప్, నెలలో సగం రోజులు గుంటూరనీ ఏలూరనీ తిరుగుతూనే ఉంటారు. అత్తయ్యగారు ఊళ్లో. అందుకని మాకు బడి వెతకడమంటే డే కేర్ వెతకడమే. నర్సరీ తొమ్మిదికి మొదలై పన్నెండున్నరకి అయిపోతుంది. నేను క్యాష్ టాలీ చేసి బయటపడేసరికి ఆరు. మధ్యలో ఐదున్నర గంటలు. వాటి గురించి ఆ రంగుల బ్రోచర్‌లో ఉన్నది ఒక్క ముక్క: 'డే కేర్ సదుపాయం కలదు'.

అడ్మిషన్ మాత్రం తేలిగ్గానే అయిపోయింది. బర్త్ సర్టిఫికెట్, టీకాల కార్డు, బాల ఆధార్, నాలుగు ఫోటోలు. ఐదేళ్లలోపు పిల్లలకిచ్చే ఆ నీలం ఆధార్‌కి వేలిముద్రలు తీసుకోరు కాబట్టి మావాడికి మూడో నెలలోనే తీయించాం. ఆ ఫోటోలో వాడి మెడ కింద నా వేళ్లు కనిపిస్తాయి. ఆఫీసులో అమ్మాయి కార్డునీ వాణ్నీ మార్చి మార్చి చూసి, "ఇది ఈ బాబుదేనాండీ?" అంది.

ఒక విషయంలో ఈ బడివాళ్లను మెచ్చుకోవాలి. మావాడు ఆగస్టులో పుట్టాడు, జూన్‌కి నాలుగేళ్లకు రెండు నెలలు తక్కువ. అంతకుముందు చూసిన బడిలో "పర్లేదు మేడం, ఎల్‌కేజీలో వేసేద్దాం" అన్నారు. ఇక్కడ కాగితం మీద లెక్కేసి చూపించారు. 2020 జాతీయ విద్యా విధానం ప్రకారం ఒకటో తరగతికి ఆరేళ్లు నిండాలి, ఇప్పుడు తొందరపడితే అక్కడికెళ్లేసరికి అదే రెండు నెలలు తక్కువ పడతాయి, నర్సరీలో వేయండి అన్నారు. ఏడాది ఫీజు ఎక్కువొస్తుందని అలా అంటున్నారేమోనని మా ఆయన అనుమానం. నాకూ లేకపోలేదు. కానీ లెక్క లెక్కే.

ఇక డబ్బు. బ్రోచర్‌లో ఏడాదికి 42,000, మూడు టర్ములు. మావాడు గేటు లోపల కాలు పెట్టకముందే కట్టింది చెప్తాను: మొదటి టర్మ్ 14,000, తిరిగివ్వని అడ్మిషన్ ఫీజు 8,000, పుస్తకాల కిట్ 6,500, యూనిఫాం రెండు జతలు 2,800, డే కేర్ ఒక నెల అడ్వాన్స్‌తో కలిపి 9,000. మొత్తం 40,300. నోట్లు లెక్కపెట్టే ఉద్యోగం కదా, ఇలాంటివి మర్చిపోను. రసీదు అన్నీ కలిపి ఒకే అంకెతో ఇచ్చారు. విడివిడిగా రాయించుకోండి. పాత పన్ను విధానంలో ఉన్నవాళ్లకు నర్సరీ ఫీజుకీ మినహాయింపు ఉంది కానీ అది ట్యూషన్ ఫీజు వరకే, అడ్మిషన్ ఫీజుకి వర్తించదు. నేను మూడుసార్లు తిరిగితే రసీదు మార్చారు.

వీళ్లకో యాప్ ఉంది. రోజూ రెండింటికి అందులో మెసేజ్ వస్తుంది: 'మీ బాబు బాగా తిన్నాడు', పక్కన నవ్వే బొమ్మ. లంచ్‌లో అది చూసుకుని నేనూ బాక్స్ తెరిచేదాన్ని. రెండు వారాలయ్యాక ఒక సాయంత్రం డే కేర్ ఆయమ్మ నన్ను గుమ్మం దగ్గర ఆపి, మావాడి డబ్బా మూత తీసి చూపించింది. పప్పన్నం పొద్దున్న పెట్టింది పెట్టినట్టే ఉంది, స్పూను గుచ్చిన గుంట ఒకటి తప్ప. "మీ వాడు పప్పు ముట్టట్లేదమ్మా. పక్క పాప చారన్నం తెస్తే దాన్లో రెండు ముద్దలు తిన్నాడు. రేపట్నించి చారు పెట్టి చూడండి" అంది. ఆరోజు మధ్యాహ్నం కూడా యాప్‌లో నవ్వే బొమ్మ వచ్చింది. మర్నాటి నుంచి చారన్నం. డబ్బా ఖాళీగా వస్తోంది. యాప్‌లో ఏ మార్పూ లేదు, అదే బొమ్మ.

జూలైలో ఒకరోజు క్యాష్ ఐదొందలు తక్కువొచ్చింది. కట్టలన్నీ విప్పి మళ్లీ లెక్కపెట్టి, పది రూపాయల కట్టల మధ్య ఇరుక్కున్న నోటు దొరికేసరికి ఆరుంపావు. తీరా బెంజ్ సర్కిల్ దగ్గర ఇరుక్కుపోయాను. చేరేసరికి ఏడుంబావు. గేటు మూసేశారు, ఆఫీసులో లైటు లేదు. లోపల మెట్ల మీద ఆయమ్మ, ఆమె ఒళ్లో తల పెట్టుకుని మావాడు. ఏడవలేదు, వేరుశనగలు ఒలుచుకుంటున్నాడు. మర్నాడు ఆఫీసులో ఆలస్యం కింద నాలుగొందలు కట్టించుకున్నారు. కట్టాల్సిందే, తప్పు నాదే. అందులో ఆయమ్మకి ఏమైనా ఇస్తారా అని అడిగితే "అది మేనేజ్‌మెంట్ విషయం మేడం" అన్నారు. ఆయమ్మని అడిగాను, ఒక్క రూపాయి రాలేదు.

శనివారాల సంగతి ముందే అడగండి. బ్యాంకులకి రెండో, నాలుగో శనివారాలే సెలవు. నర్సరీకి అన్ని శనివారాలూ సెలవే. మిగతా శనివారాలు డే కేర్‌లో ఉంచాలంటే రోజుకి 250 అదనం, ఈ మాట చేరాక చెప్పారు. దసరా సెలవులు బడికి పది రోజుల పైనే, నాకు పండగపూట మాత్రమే, డే కేర్ కూడా మూసేస్తారట. అత్తయ్యగారికి ఇప్పుడే ఫోన్ చేసి పెట్టాను. పేరెంట్స్ మీటింగ్ ఎప్పుడూ పనిరోజున పదకొండింటికే. రేపు పసుపు రంగు బట్టలు వేసి పంపండని రాత్రి తొమ్మిదిన్నరకి మెసేజ్ పెడతారు. ఆ టైములో నేను ఎక్కడ కొనను? నా పాత చుడీదార్ చున్నీ వాడికి చుట్టి పంపాను.

మీరు చూడటానికి వెళ్తే పొద్దున్న వెళ్లకండి. పొద్దున్న పూట వాళ్లు ఏసీ గది, జారుడుబల్ల, స్మార్ట్ బోర్డు చూపిస్తారు. సాయంత్రం నాలుగింటికి చెప్పకుండా వెళ్లి, పిల్లలు నిద్రలేచే వేళకి ఆ గదిలో ఎవరున్నారో, ఎంతమంది పిల్లలకి ఎంతమంది ఆయమ్మలో చూడండి. మా దగ్గర పద్నాలుగు మందికి ఒక్కతే.

మొన్న రెండో టర్మ్ ఫీజు కట్టేముందు, ఆయమ్మ ఏడాదంతా ఉంటుందా అని ఆఫీసులో అడిగాను. "స్టాఫ్ సంగతి మేం చెప్పలేమండీ" అన్నారు.

కట్టేసి వచ్చాను.