సర్క్యులర్ సా కొంటున్నారా, ముందు బ్లేడ్ ఏ వైపు ఉందో చూడండి

మా బామ్మర్దిది ఎడమచేతి వాటం, అన్నం తినడం తప్ప అన్నీ ఎడమ చేత్తోనే. ఇద్దరం కలిసి ఇంటి వార్డ్‌రోబులు, కిచెన్ అరలు సొంతంగా చేసుకుంటున్నాం. నా దగ్గర బాష్ జీకేఎస్ 190 సర్క్యులర్ సా ఉంది, అంటే గుండ్రటి బ్లేడ్‌తో చెక్క కోసే చేతి మిషన్, కరెంటుది, 1400 వాట్లు, 190 ఎంఎం బ్లేడ్, 70 ఎంఎం మందం దాకా కోస్తుంది. తనకంటూ ఇంకోటి కొందామని సికింద్రాబాద్ రాణిగంజ్ వెళ్ళాం. అక్కడ ఒక షాపాయన "ఎడమచేతి వాళ్ళకి ఎడమ బ్లేడ్ మిషనే సార్, కళ్ళు మూసుకుని తీసుకోండి" అన్నాడు. నమ్మి డివాల్ట్ డీసీఎస్391 తెచ్చాం, 18 వోల్ట్ బ్యాటరీది, 165 ఎంఎం బ్లేడ్, మోటారుకి ఎడమ పక్కన ఉంటుంది.

మిషన్ బంగారం, అందులో అనుమానం లేదు. కానీ మొదటి రోజే బామ్మర్ది 18 ఎంఎం ప్లైవుడ్ మీద మూలమట్టం పెట్టి పెన్సిల్ గీత గీసి కోయడం మొదలెట్టాడు, జానెడు దూరం పోయాక ఆపేసి "బావా గీత కనపడట్లేదు" అన్నాడు. నేను పక్కన నిలబడి చూస్తే అర్థమైంది. ఎడమ చేత్తో పట్టుకుంటే మనిషి మిషన్‌కి కుడి పక్కన ఉంటాడు, బ్లేడ్ అవతల ఎడమ పక్కన ఉంది, మధ్యలో మోటారు అడ్డం, గీత చూడాలంటే మిషన్ మీదుగా మెడ అవతలికి చాచాలి. అలా వంగితే చేతి పట్టు సడలుతుంది, కోత రెండు మూడు ఎంఎం పక్కకి పోయింది, ఆ ముక్క వేస్ట్. తిట్టుకుంటూ నా బాష్ తీసుకున్నాడు, దాని బ్లేడ్ కుడి పక్కన, సరిగ్గా తన కళ్ళ కింద, అదే గీత మీద చివరిదాకా ఒక్క ఊపులో కోసేశాడు. డివాల్ట్ నేను పట్టుకున్నా, నాది కుడిచేతి వాటం, నాకూ బ్లేడ్ ఎదురుగా కనపడింది, ఇన్నాళ్ళూ బాష్‌తో నేను బేస్ ప్లేట్ (మిషన్ కింద చెక్క మీద ఆనే రేకు) ముందున్న చిన్న గాడిని నమ్ముకునే కోస్తున్నానని అప్పుడు తెలిసింది. ఆరోజే మిషన్లు మార్చేసుకున్నాం.

అంటే గీత చూడ్డానికైతే ఏ చేతి వాటమో దానికి ఎదురు పక్క బ్లేడ్ కావాలి. ఐతే కథ అక్కడితో అయిపోలేదు, ఇంకో సంగతి ఉంది, ఇది షాపులో ఎవరూ చెప్పరు. బేస్ ప్లేట్ వెడల్పు భాగం ఎప్పుడూ మోటారు పక్కనే ఉంటుంది, బరువూ అటే. కుడిచేతి వాళ్ళం ఎడమ చేత్తో ప్లై నొక్కిపెట్టి కోస్తాం కదా, కోసిన ముక్క కుడి పక్కకి పడుతుంది. కుడి బ్లేడ్ మిషన్ ఐతే బరువంతా ఎడమ పక్క, నొక్కి పెట్టిన ప్లై మీదే నిలకడగా కూర్చుంటుంది. ఎడమ బ్లేడ్ ఐతే బరువు పడిపోయే ముక్క మీద ఉంటుంది, చివరి బెత్తెడు కోసేటప్పుడు ముక్కతో పాటు మిషన్ కూడా ఒరుగుతుంది, బ్లేడ్ సందులో బిగుసుకుంటే మిషన్ ఒక్కసారిగా వెనక్కి తంతుంది. నాకు ఒకసారి తన్నింది, దెబ్బ తగల్లేదు గానీ ఆ రోజుకి ఇంక పని చెయ్యబుద్ధి కాలేదు. ఎడమచేతి మనిషి కుడి బ్లేడ్ వాడినా అదే బాధ, అద్దంలో చూసినట్టు తిరగేసుకోండి అంతే. అందుకే ఇప్పుడు షీటు కింద నాలుగు రీపర్లు (సన్నటి చెక్క బద్దలు) వేస్తున్నాం, గీతకి ఇటు రెండు అటు రెండు, కోత పూర్తయినా ఏ ముక్కా కిందకి పడదు. బ్లేడ్ లోతు కూడా చెక్క మందం కంటే నాలుగైదు ఎంఎం ఎక్కువ, అంతకు మించి వద్దు.

పొట్టు విషయం కూడా చెప్పాలి, బ్లేడ్ మన పక్కన ఉంటే పొట్టు కూడా మన మీదకే. డివాల్ట్ వాడాక నా కుడి కాలు పొడుగునా పొట్టే, కళ్ళకి రక్షణ అద్దాలు లేకుండా అసలు స్విచ్ నొక్కను. బ్లేడ్ మార్చేటప్పుడు బోల్టు ఎటు తిప్పాలని కంగారు పడొద్దు, మామూలుగా బ్లేడ్ తిరిగే దిక్కులో తిప్పితే వదులవుతుంది, బ్యాటరీ తీసేశాకే సుమా.

ఎడమ బ్లేడ్ అంటే ఇప్పుడొచ్చిన వింతేం కాదు, అమెరికాలో చెక్క ఇళ్ళు కట్టేవాళ్ళు వాడే స్కిల్‌సా మోడల్ 77 అనే మిషన్ 1937 నాటిది, దానికీ బ్లేడ్ ఎడమే.

మరి ఏది కొనాలంటారా, గీత గీసి చేత్తో కోసేవాళ్ళైతే కుడిచేతి వాళ్ళకి డివాల్ట్, ఎడమచేతి వాళ్ళకి బాష్ అని గట్టిగా చెప్తా. ఎప్పుడూ షీటు మీద తిన్నటి పట్టీ క్లాంప్‌తో బిగించి దాని వెంబడే కోసేవాళ్ళకి గీతతో పనే లేదు, వాళ్ళు బరువు ఎటు కూర్చుంటుందో చూసుకుని కొనుక్కుంటే చాలు. రోజంతా మందపాటి టేకు చెక్కలు కోసే పనికి మాత్రం కరెంటు బాషే, డివాల్ట్ లోతు 55 ఎంఎం దగ్గర ఆగిపోతుంది, బ్యాటరీ కూడా తొందరగా దిగుతుంది. షాపులో కొనేముందు మిషన్ చేతిలోకి తీసుకుని కౌంటర్ మీద ఒక గీత గీయించుకుని, స్విచ్ వెయ్యకుండా ఆ గీత మీద నడిపి చూడండి, లాక్ బటన్ (స్విచ్ పనిచేయాలంటే ముందు నొక్కాల్సిన బటన్) మీ బొటనవేలికి అందుతుందో లేదో కూడా అప్పుడే తెలిసిపోతుంది. ఎడమచేతి వాళ్ళకి చాలా మిషన్లలో అది అందదు, మా బామ్మర్ది కొత్తలో రెండో చేత్తో నొక్కేవాడు.