"సహజ రంగుల కలంకారీ" కొనేవాళ్లకు హెచ్చరిక: ముందు ఒక పోగు నిమ్మరసంలో వేసి చూడండి

"వెజిటబుల్ డై, ప్యూర్ కాటన్, సర్క్యులర్ ఫ్యాషన్" అని ఆన్‌లైన్‌లో అమ్మిన ఒక కలంకారీ చీర తీరా చూస్తే పాలిస్టర్ కలిసిన నూలు మీద వేసిన పిగ్మెంట్ స్క్రీన్ ప్రింట్. అమ్మినవాళ్ల పేరు ఇక్కడ రాయడం లేదు. ఇలాంటి సరుకు ఒక్క చోటే లేదు కాబట్టి, పట్టుకునే పద్ధతి తెలిస్తే చాలు.

పెడన, మచిలీపట్నం వైపు పాత పద్ధతిలో బట్టను ముందు కరక్కాయ, పాలు కలిపిన నీళ్లలో ముంచి ఆరబెడతారు. ఇనుప ముక్కలను బెల్లం నీళ్లలో పులియబెట్టి తీసిన ద్రవం కరక్కాయతో కలిసి నలుపు అవుతుంది. ఎరుపు కావాల్సిన చోట పటిక నీళ్లను అచ్చుతో అద్ది, తర్వాత రంగునీళ్లలో ఉడకబెడతారు. రంగు పోగులోకి దిగుతుంది. పిగ్మెంట్ (నీళ్లలో కరగని రంగుపొడి) అలా కాదు, బైండర్ అనే జిగురుతో పైన అంటుకుని ఉంటుంది. అందుకే ప్రింటు ఉన్నచోట చేతికి బిరుసుగా తగులుతుంది, వెనకవైపు వెలవెలబోతుంది.

చీర పాడవకుండా చూడాలంటే జాకెట్టు ముక్క కోసిన అంచు నుంచి నల్లరంగు ఉన్న పోగు ఒకటి లాగి, పది నిమిషాలు నిమ్మరసంలో ఉంచండి. ఇనుము, కరక్కాయల నలుపైతే పులుపుకు వెలిసి గోధుమ ఛాయకు తిరుగుతుంది. చెక్కుచెదరకపోతే అది ఆ నలుపు కాదు. ఎరుపు విషయంలో ఈ పరీక్షను నమ్మొద్దు. ఎరుపునిచ్చే అలిజరిన్‌ను 1869 నాటికే ప్రయోగశాలలో తయారుచేశారు, మొక్క వేరులోంచి తీసినా ఫ్యాక్టరీలో చేసినా అదే పదార్థం. అచ్చు అతుకులు కనిపిస్తున్నాయి కదా అని కూడా మురిసిపోకండి, చెక్క అచ్చుతోనూ పిగ్మెంట్ వేస్తారు.

తర్వాత పడుగు (నిలువు పోగులు) నుంచి ఒకటి, పేక (అడ్డపోగులు) నుంచి ఒకటి పోగు తీసి, పట్టకారుతో పట్టుకుని విడివిడిగా కాల్చండి. నూలు కాగితం కాలిన వాసనతో మెత్తటి బూడిదవుతుంది. పాలిస్టర్ ముడుచుకుని, కరిగి, చల్లారాక గట్టి నల్లపూసలా మిగులుతుంది. రెండూ కాల్చమనడానికి కారణం, ఒక్కోసారి పాలిస్టర్ పేకలోనే ఉంటుంది.

ఇక సర్క్యులర్ ఫ్యాషన్, అంటే "పాతబడ్డాక వెనక్కి తీసుకుని మళ్లీ బట్ట చేస్తాం" అనే మాట. పాత బట్టను చీల్చి దూది చేసే యంత్రం నూలునీ పాలిస్టర్‌నీ విడదీయలేదు. కలగలుపు బట్ట చాలావరకు తుడుపుగుడ్డలకూ, పరుపుల్లో కూరడానికీ పోతుంది. ఆ చీర ఎక్కడికి పంపుతారో అడగండి. జవాబు బదులు కూపన్ వస్తే విషయం అర్థమైనట్టే.

డబ్బు కట్టకముందే మూడు అడగండి: పడుగులో, పేకలో ఏ రకం పోగు ఎంత శాతం, నలుపు దేనితో చేశారు, వెనకవైపు ఫోటో. జవాబులు చాట్‌లోనే రాతపూర్వకంగా తీసుకోండి, ఫోన్లో చెప్పింది నిలవదు. పార్శిల్ విప్పేటప్పుడు వీడియో తీయండి.

మోసం తేలితే చీర ఉతకొద్దు, ఫాల్ కుట్టించొద్దు. ప్రకటన స్క్రీన్‌షాట్, బిల్లు పెట్టుకుని జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేయండి. "ఎకో ఫ్రెండ్లీ", "నేచురల్" లాంటి మాటలను ఆధారం లేకుండా వాడకూడదని 2024లో వచ్చిన గ్రీన్‌వాషింగ్ (పర్యావరణం పేరుతో తప్పుడు ప్రచారం) మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఫిర్యాదులో వాటినీ ప్రస్తావించండి.