పెద్ద మ్యాచ్ ఉన్న రోజు టీవీయా, ఫోనా?

2025 నవంబరు 2న నవీ ముంబైలో భారత్, దక్షిణాఫ్రికా మధ్య జరిగిన మహిళల వన్డే ప్రపంచకప్ ఫైనల్‌ను మనలో చాలామంది టీవీలో కాదు, ఫోన్‌లోనే చూశారు. చూశారు అనడంకన్నా తెలుసుకున్నారు అనాలేమో. అమన్‌జోత్ కౌర్ పట్టిన క్యాచ్ ఆ రాత్రి ప్రతి గ్రూపులోనూ తిరిగింది. బంతి చేతుల్లోంచి జారింది, మళ్లీ అందినట్టే అంది జారింది, నేలను తాకేలోపు ఒడిసిపట్టింది. ఎన్నిసార్లు చూసినా తనివితీరదు. అయితే ఆ క్యాచ్‌తో అవుటైన దక్షిణాఫ్రికా కెప్టెన్ లారా వోల్వార్ట్ అప్పటికి ఎంతసేపు నిలబడిందో, అవతలి ఎండ్‌లో ఎవరు పడిపోతున్నా ఎంత నింపాదిగా సెంచరీ దాకా వచ్చిందో ఆ క్లిప్‌లో ఉండదు. ఆమె క్రీజులో ఉన్నంతసేపూ మన 298 పరుగులు చాలవేమోనన్న గుబులు. ఆ గుబులు పడ్డవాళ్లకే ఆ క్యాచ్ విలువ పూర్తిగా తెలిసింది.

అందుకే క్రికెట్ ఫైనల్ వరకూ నా ఓటు టీవీకే. ఆ మ్యాచ్‌నే తీసుకోండి. వానవల్ల రెండు గంటలు ఆలస్యంగా మొదలైంది. గాయపడిన ప్రతికా రావల్ స్థానంలో సెమీఫైనల్‌కు ముందు జట్టులోకి వచ్చిన షెఫాలీ వర్మ 87 కొట్టింది. ఆ తర్వాత ఎప్పుడో గాని బౌలింగ్ చేయని ఆమె చేతికే మన కెప్టెన్ హర్మన్‌ప్రీత్ బంతిని ఇచ్చింది. సూనే లూస్, మరిజాన్ కాప్ ఇద్దరినీ షెఫాలీ అవుట్ చేసింది. సోషల్ మీడియా ఫీడ్‌లో ఇది రెండు పోస్టులు, వాటికింద చప్పట్ల బొమ్మలు. టీవీలో కెప్టెన్ ఆలోచన కళ్లముందు సాగుతుంది. ఎవరిని పిలుస్తోంది, ఫీల్డర్లను ఎక్కడికి జరుపుతోంది, బ్యాటర్ ఎలా తడబడుతోంది, అన్నీ కనిపిస్తాయి. కడప జిల్లా అమ్మాయి శ్రీచరణి ఆనెకె బాష్‌ను సున్నాకే ఎల్బీడబ్ల్యూ చేసినప్పుడు ఇంట్లో అందరూ ఒక్కసారి లేచి నిలబడే సంబరం కూడా టీవీ ముందే దొరుకుతుంది. తెలుగు వ్యాఖ్యానం ఉంటే ఇంగ్లిష్, హిందీ రాని పెద్దవాళ్లు కూడా ఆటలో కలుస్తారు. ఇది చిన్న విషయం కాదు.

ఖర్చు సంగతి కూడా చూద్దాం. 2007లో వచ్చిన చట్టం ప్రకారం జాతీయ ప్రాముఖ్యం ఉన్న మ్యాచ్‌ల ప్రసారాన్ని హక్కులు కొన్న ప్రైవేటు ఛానెళ్లు దూరదర్శన్‌ను నడిపే ప్రసారభారతితో పంచుకోవాలి. ఇంటిమీద దూరదర్శన్ వారి డీడీ ఫ్రీ డిష్ ఉంటే నెలవారీ చందా లేకుండా అవి చూడొచ్చు. కేబుల్ ద్వారా వచ్చే దూరదర్శన్‌లో అలాంటి మ్యాచ్‌లు రాకపోవడానికి కారణం 2017 నాటి సుప్రీంకోర్టు తీర్పు. ప్రసారభారతి సొంత యాంటెన్నా, సొంత డిష్ ప్రసారాలకే ఆ సిగ్నల్ పరిమితమని కోర్టు చెప్పింది.

చదరంగానికి వస్తే నా లెక్క పూర్తిగా మారిపోతుంది. 2025 జూలైలో జార్జియాలోని బటూమిలో మహిళల ప్రపంచకప్ ఫైనల్లో కోనేరు హంపి, దివ్యా దేశ్‌ముఖ్ తలపడ్డారు. ఎక్కువ సమయం ఇచ్చే రెండు క్లాసికల్ గేములూ డ్రా, తక్కువ సమయంలో ఆడే టైబ్రేక్‌లో దివ్య గెలిచింది. మన వార్తా ఛానెళ్లలో అది ఫలితం చెప్పే రెండు ముక్కలు. యూట్యూబ్‌లో మాత్రం మొదటి ఎత్తు నుంచి చివరిదాకా గ్రాండ్‌మాస్టర్లు విడమర్చి చెబుతుంటే పైసా కట్టకుండా చూశాం. 2024 డిసెంబరు 12న సింగపూర్‌లో మన గుకేశ్‌తో ఆడిన ప్రపంచ చాంపియన్‌షిప్ పద్నాలుగో గేములో చైనా ఆటగాడు డింగ్ లిరెన్ 55వ ఎత్తులో ఏనుగును తప్పు గడిలో పెట్టగానే ఎవరిది పైచేయో చూపే, తెరపక్కనున్న కంప్యూటర్ అంచనా పట్టీ ఒక్కసారిగా గుకేశ్ వైపు ఒరిగిపోయింది. ఆ సంగతి గుకేశ్ ఎప్పుడు పసిగడతాడా అని ఊపిరి బిగబట్టి చూసిన ఆ కొన్ని క్షణాలు ఏ ఫైనల్ ఓవర్‌కూ తీసిపోవు. ఇక్కడ సోషల్ మీడియానే స్టేడియం.

ఫోన్‌లో నన్ను కలవరపెట్టేది అబద్ధం పరుగెత్తే వేగం. 2024 జూన్ 29న బ్రిడ్జ్‌టౌన్‌లో భారత్, దక్షిణాఫ్రికా మధ్య టీ20 ప్రపంచకప్ ఫైనల్ చివరి ఓవర్. దక్షిణాఫ్రికాకు కావలసినవి 16. తొలి బంతికే మిల్లర్ కొట్టిన షాట్‌ను సూర్యకుమార్ బౌండరీ దగ్గర పట్టి, పైకి ఎగరేసి, గీత దాటి, తిరిగొచ్చి అందుకున్నాడు. మర్నాటికల్లా ఎర్ర గుండ్రాలు గీసిన నిశ్చల ఫొటోలు ఊరూరా తిరిగాయి. అవి చూసినవాళ్లు బూటు బౌండరీకి తగిలిందని ఒట్టేసి వాదించారు. మూడో అంపైర్ అవుటని తేల్చిన కదిలే దృశ్యాన్ని చూసినవాళ్లకు ఆ ఫొటోలతో పని లేకపోయింది. ఆటలో కాలు ఎప్పుడు ఎత్తాడు, ఎప్పుడు దించాడు అన్నదే అసలు విషయం, ఆపేసిన బొమ్మలో అది కనపడదు.

ఇంకో చికాకు ఆలస్యం. ఫోన్‌లో స్ట్రీమింగ్ పెట్టుకుంటే మైదానంలో జరిగినదానికన్నా వెనకబడి వస్తుంది. స్కోరు యాప్, వాట్సాప్ మెసేజ్ ముందే వచ్చేస్తాయి. బౌలర్ పరుగెత్తుతుండగానే బావమరిది 'పోయింది రా' అని పంపిస్తాడు.

ఉద్యోగంలోనో ప్రయాణంలోనో ఉన్నవాళ్లను తప్పుపట్టను. బస్సులో నిలబడి బంతిబంతికీ రాతలో వచ్చే వ్యాఖ్యానం చదువుకునేవాళ్లదీ నిజమైన అభిమానమే. డాలస్‌లో ఉన్న మనవాళ్లకు నవంబరు ఫైనల్ మొదలైంది ఆదివారం తెల్లవారుజామున. లేచేసరికి సగం మ్యాచ్ అయిపోయినవాళ్లకు ఫీడే దారి చూపింది.

మ్యాచ్ ముగిశాక మాత్రం ఫోన్ తీయకుండా ఉండకండి. నవంబరు ఫైనల్ గెలిచిన రాత్రి హర్మన్ జట్టు కప్పును తీసుకెళ్లి మాజీ క్రీడాకారిణులు మిథాలీ రాజ్, ఝులన్ గోస్వామిల చేతుల్లో పెట్టింది. నిద్రపోయినవాళ్లందరికీ ఆ దృశ్యాన్ని చేర్చింది సోషల్ మీడియానే. నేను ఇంట్లో పాటించే పద్ధతి ఒక్కటే. క్రికెట్ ఫైనల్ రోజు టాస్ పడగానే గ్రూపులు మ్యూట్ చేసి ఫోన్ పక్కగదిలో పెడతాను, చివరి బంతి అయ్యాక తీస్తాను. చదరంగం రోజు టీవీ అసలు పెట్టను.